రైతు అరబ్బీ, వారీ ఫార్సీ: ‘రైత్వారీ’ ఇంగ్లిష్ మాట ఎలా అయింది?

చక్రాయపేట మండలంలో కాస్తో కూస్తో పొలం ఉన్న ఏ ఇంట్లో చూసినా ట్రంకుపెట్టె అడుగున ఒక కాగితాల కట్ట దొరుకుతుంది. పట్టా, అడంగల్ నకలు, 1బి, ఎప్పటిదో కిస్తు రసీదు, తాతల నాటి దస్తావేజు. పైన ఫసలీ అని ఒక నంబరు. కింద తహసీల్దార్ సంతకం, ఆఫీసు ముద్ర. కొంచెం పాత కట్ట అయితే అందులో ‘రైత్వారీ పట్టా’ అనే మాట కూడా ఉంటుంది. పొలం తగాదా కోర్టుకు ఎక్కిన రోజు వకీలు మొదట అడిగేది ఆ కాగితమే. ఆ మాటకు అర్థం ఏమిటని అడిగితే మాత్రం చాలామంది ‘రైతు వారిది కాబట్టి రైత్వారీ’ అని చెప్పేస్తారు. వినడానికి బాగానే ఉంది కానీ అది తప్పు.

రైత్వారీ ఇప్పుడు ఇంగ్లిష్ మాట. ఇంగ్లిష్ పెద్ద నిఘంటువుల్లో దానికి చోటు ఉంది, మన దేశపు చట్టాల ఇంగ్లిష్ పేర్లలో కూడా ఉంది. దాని ముందు భాగం అరబ్బీ, వెనక తోక ఫార్సీ. దాన్ని ఇంగ్లిష్ వాళ్లకు అలవాటు చేసింది ఒక స్కాట్లండ్ దొర. అది ఊళ్లలో గట్టిగా నిలబడింది దత్త మండలాల్లో, అంటే కడప, బళ్లారి, అనంతపురం వైపు.

రైతు: మొదట మనిషి కాదు, మంద

అరబ్బీలో చాలా మాటలు మూడు అక్షరాల ధాతువు నుంచి పుడతాయి. రైతుకు మూలం ‘ర-ఐన్-య’ అనే ధాతువు. దాని అర్థం మేపడం, కాయడం. ‘రాయీ’ అంటే కాపరి. ‘రఇయ్యత్’ అంటే ఆ కాపరి కాసే మంద. తర్వాత రాజును కాపరిగా, జనాన్ని మందగా అనుకునే పద్ధతి వచ్చాక రఇయ్యత్ అంటే ప్రజలు, పాలనలో ఉన్నవాళ్లు అయింది. ప్రతి ఒక్కరూ ఒక కాపరే, తన కింద ఉన్నవాళ్ల గురించి జవాబు చెప్పుకోవాల్సిందే అనే అర్థం వచ్చే హదీస్ జుమా ఖుత్బాల్లో తరచూ వినపడుతుంది. అందులోని కాపరి, మంద అనే రెండు మాటలూ ఇవే.

అరబ్బీ నుంచి ఫార్సీకి, అక్కడి నుంచి హిందుస్తాన్ దర్బారు భాషకు వచ్చేసరికి అర్థం ఇంకా కుదించుకుపోయింది. పాలకుడికి పన్ను కట్టే జనంలో ఎక్కువమంది సేద్యం చేసేవాళ్లే. కాబట్టి రఇయ్యత్ అంటే భూమి దున్ని శిస్తు కట్టేవాడు అని స్థిరపడింది. తెలుగు నోట పడి రయితు, తర్వాత రైతు అయింది.

ఇక్కడ ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన పాఠకులు గమనించాల్సిన సంగతి ఒకటుంది. నేటి ఉర్దూలో రఇయ్యత్ అన్నా, రిఆయా అన్నా ప్రజలు అనే అర్థమే. సేద్యం చేసే మనిషిని ఉర్దూలో కిసాన్ అనో, కాశ్త్‌కార్ అనో అంటారు. తెలుగులో మాత్రం రైతు అంటే సేద్యగాడే, పాత ‘ప్రజ’ అనే అర్థం పూర్తిగా పోయింది. ఒకే మాట పక్కపక్క ఇళ్లలో రెండు అర్థాలతో బతుకుతోంది. ఉర్దూ పేపరులో రఇయ్యత్ అని చూసి రైతు అని తర్జుమా చేస్తే వార్త తలకిందులవుతుంది.

అదే ధాతువు నుంచి ఇంకో మాట కూడా తెలుగులోకి వచ్చింది. రాయితీ. ఉర్దూలో రిఆయత్ అంటే కనికరం చూపడం, వెసులుబాటు ఇవ్వడం. అరబ్బీలో దాని అసలు అర్థం సంరక్షణ, అంటే మళ్లీ కాపరి పనే. విత్తన శనక్కాయల రాయితీ కోసం రైతు లైన్లో నిలబడ్డాడు అంటే, ఆ వాక్యంలో రైతూ రాయితీ ఒకే తల్లి బిడ్డలు. పత్రికల్లో ఈ జంట రోజూ కనపడుతుంది కానీ చుట్టరికం ఎవరికీ గుర్తుకు రాదు.

తెలుగుకు సొంత మాట లేక రైతును తెచ్చుకున్నారా అంటే, కాదు. ‘కాపు’ ఉంది. సేద్యం చేసేవాడిని కాపు అనడం చాలా పాతది. కాపు అనే మాట ‘కాచు’ నుంచి వచ్చిందని చెబుతారు. గొర్రెల కాపరిలో ఉన్నదీ ఆ కాచే. తెలుగులో దున్నేవాడు కాసేవాడు అయితే, అరబ్బీ వైపు నుంచి వచ్చిన మాటలో దున్నేవాడు కాయబడేవాడు. అయితే కాపు పోను పోను కులం పేరుగా స్థిరపడిపోయింది. ఏ కులం వాడికైనా, ఏ మతం వాడికైనా అతికే మాట కావాల్సి వచ్చినప్పుడు రైతు నిలబడింది. దూదేకుల సాయిబు రైతే, రెడ్డి రైతే, బోయ రైతే. ఈ మాట ఇంతగా పాతుకుపోవడానికి అదొక పెద్ద కారణం అనుకోవచ్చు.

ఇంగ్లిష్‌లోకి ‘రయట్’ 17వ శతాబ్దంలోనే వెళ్లింది. ఇదే అరబ్బీ మాట తుర్కీ వైపు నుంచి ‘రాయా’ అనే రూపంలో ఇంకోసారి ఇంగ్లిష్‌కు చేరింది. ఉస్మానియా సల్తనత్‌లో ముస్లిమేతర ప్రజలను ఇంగ్లిష్ రచయితలు ఆ పేరుతో పిలిచేవారు. ఇక రయట్‌కు ఇంగ్లిష్ ఉచ్చారణలో ఒక చిక్కు వచ్చిపడింది. అల్లర్లకు వాళ్లు వాడే రయట్, సేద్యగాడి రయట్ చెవికి ఒకేలా వినిపిస్తాయి. రాసేటప్పుడు మాత్రమే తేడా. అల్లర్ల రయట్ పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, దీనికీ దానికీ సంబంధం లేదు. 1875లో పూనా వైపు రైతులు షావుకార్ల మీద తిరగబడితే దాన్ని ఇంగ్లిష్ చరిత్రలో ‘దక్కన్ రయట్స్’ అన్నారు. చేసింది రయట్‌లే కాబట్టి చెవితో వింటే ఎటైనా సరిపోతుంది!

వారీ: ముగ్గురు వారీలు

అసలు తికమక తోక దగ్గర. తెలుగులో వారి అనే శబ్దం మూడు దారుల్లో వచ్చింది. ‘మా వారి పొలం’లో ఉన్నది అచ్చ తెలుగు ‘వారు’. ‘సోమవారం’లో ఉన్నది సంస్కృతం. ‘రైత్వారీ’లో ఉన్నది ఫార్సీ ‘వార్’, దాని చివర సంబంధాన్ని తెలిపే ‘ఈ’. చివరి దీర్ఘం ఊరికే రాలేదు, అది గుర్తుపట్టే బిళ్ల లాంటిది.

ఫార్సీ వార్ అంటే ‘ఒక్కొక్క దాని లెక్కన’, ‘ఆ క్రమంలో’ అని ఇక్కడ అర్థం. ఉర్దూలో సిల్సిలేవార్ అంటే వరుసగా. మాహ్‌వార్ అంటే నెల నెలా. జిలావార్ అంటే జిల్లా లెక్కన. కాబట్టి రైత్వారీ అంటే రైతు వారిది కాదు. రైతు లెక్కన, ఒక్కో రైతుతో విడివిడిగా అని. ఊరంతటికీ కలిపి ఒక మొత్తం కాదు, జమీందారు చేతికి గుత్తగా కాదు, ఫలానా రైతుకు ఫలానా పొలం, ఫలానా శిస్తు అని.

ఈ తోక ఎంత బలమైనదంటే, అది మాత్రం ఊడివచ్చి తెలుగులో సొంతంగా తిరుగుతోంది. ఎన్నికల ఫలితాలు జిల్లాలవారీగా వస్తాయి. రిజర్వేషన్లు వార్డులవారీగా ఖరారవుతాయి. మార్కులు సబ్జెక్టులవారీగా ఇస్తారు. రుణమాఫీ విడతలవారీగా జరుగుతుంది. బ్యాంకు వాయిదా నెలవారీ, ఉపాధి పని రోజువారీ. ఈ ‘వారీ’ లేకపోతే తెలుగు విలేకరి ఒక్క పూట కూడా వార్త రాయలేడు. ‘రోజువారీ కూలీ’లో రోజు ఫార్సీ, వారీ ఫార్సీ. కూలీ మాత్రం మన దక్షిణాది మాటే అని, ఇక్కడి నుంచే ఇంగ్లిష్‌లోకి పోయిందని చాలామంది పండితుల అభిప్రాయం.

ఆఫీసుల్లో ఇదే పనికి ‘వైజ్’ వాడుతుంటారు. మండల్‌వైజ్ లిస్ట్, డేట్‌వైజ్ లిస్ట్ అని. ఆ వైజ్ కూడా పాత ఇంగ్లిష్‌లో తీరు, పద్ధతి అనే అర్థమున్న విడి మాట. తర్వాత తోకగా మారి క్లాక్‌వైజ్, లైక్‌వైజ్ లాంటి మాటల్లో మిగిలింది. వారీ, వైజ్ ఒకచోట పుట్టినవి కావు, చేసే పని మాత్రం ఒకటే. రైత్వారీకి ముక్కస్య ముక్క ఇంగ్లిష్ చెప్పాలంటే రయట్‌వైజ్ అనాలి. ఇంగ్లిష్ వాళ్లు అలా మార్చుకోకుండా తోకతో సహా మాటను అలాగే ఎత్తుకుపోయారు.

దత్త మండలాల్లో మన్రో

కడప సీమకు ఫార్సీ లెక్కల మాటలు దొరలతో రాలేదు. గోల్కొండ సుల్తానుల నాటి నుంచీ ఉన్నాయి. 18వ శతాబ్దంలో కడపను మయానా పఠాన్ నవాబులు ఏలారు. 1780 నాటికి అది హైదర్ అలీ చేతికి పోయింది. టిప్పు సుల్తాన్ 1792లో శ్రీరంగపట్నం ఒప్పందంలో కోల్పోయిన ప్రాంతాల్లో కడప నిజాం వాటాకు వచ్చింది. 1800లో నిజాం తన దగ్గరున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద ఈ ప్రాంతమంతా ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. అప్పగించిన జిల్లాలు కాబట్టి ఇంగ్లిష్‌లో ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’, తెలుగులో దత్త మండలాలు. ఆ పేరు చాలామందికి నచ్చేది కాదు. ఇచ్చిపుచ్చుకున్న సొత్తు లాగా ఉంటుంది మరి. 1928లో నంద్యాల సభల్లో రాయలసీమ అనే పేరు ముందుకొచ్చాక అది మెల్లగా మరుగున పడింది.

దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చినవాడు థామస్ మన్రో. 1761లో గ్లాస్గోలో పుట్టాడు, 1780లో మామూలు సైనిక ఉద్యోగిగా మద్రాసులో దిగాడు. 1792 తర్వాత బారామహల్‌లో, అంటే ఇప్పటి సేలం, ధర్మపురి, కృష్ణగిరి వైపు, అలెగ్జాండర్ రీడ్ కింద పనిచేస్తూ శిస్తు లెక్కలు నేర్చుకున్నాడు. ఒక్కో రైతుతో నేరుగా లెక్క చూసుకునే పద్ధతి అక్కడే మొదలైంది. తర్వాత కొన్నాళ్లు కెనరాలో పనిచేసి, 1800లో ఇక్కడికి వచ్చి 1807 దాకా ఏడేళ్లు ఉన్నాడు. అనంతపురం ఆయన మకాం. నిజానికి సంవత్సరంలో ఎక్కువ రోజులు డేరాల్లోనే గడిచేవి. ఊరూరికీ పోయి కరణాన్ని, రెడ్డిని, రైతులను ఎదురుగా కూచోబెట్టుకుని జమాబందీ చేసేవాడు.

1802లో మొదలుపెట్టి పొలం పొలం కొలిపించాడు. అప్పటి కాగితాల్లో ఈ పద్ధతికి ‘కుల్‌వార్’ అనే పేరు ఎక్కువ కనపడుతుంది. ఇక్కడ కుల్ అంటే శిస్తు కట్టే సేద్యగాడు, కులం కాదు. కుల్‌వార్ అన్నా రైత్వార్ అన్నా ఒకటే. మద్రాసు రెవెన్యూ బోర్డులో కొందరికి ఇది నచ్చలేదు. ఇంతమంది రైతులతో ఎవరు లెక్క చూస్తారు, ఊరికింత అని గుత్తకు ఇస్తే పోలా అన్నారు. దానికి ‘మౌజావార్’ అని పేరు. మౌజా అంటే ఊరు. మన్రో ఇంగ్లండ్ వెళ్లాక, 1808 తర్వాత ఆ ఊరి గుత్త పద్ధతినే తెచ్చారు కూడా. గుత్తేదార్లు చితికిపోయారు, ఊళ్లు బాకీ పడ్డాయి. ఉత్తరాదిలో ఇలాంటిదే ‘మహల్వారీ’ పేరుతో నడిచింది. చూడండి, మౌజావారీ, మహల్వారీ, రైత్వారీ మూడింటికీ తోక ఒకటే. లెక్క ఎవరితో అన్నదే తేడా.

మన్రో పద్ధతి రైతుకు స్వర్గం అనుకుంటే పొరపాటు. శిస్తు పంటలో సగం దాకా పట్టేది. ఆ సంగతి ఆయనకే తెలుసు. 1807లో వెళ్లేముందు శిస్తు 25 శాతం తగ్గించాలని రాశాడు. పైవాళ్లు వినలేదు. తానే మద్రాసు గవర్నరై 1820లో తిరిగొచ్చాకే ఆ కోత అమల్లోకి వచ్చింది. అయినా కింద ఉద్యోగుల దౌర్జన్యం ఆగలేదు. శిస్తు వసూలుకు రైతులను ఎండలో వంచి నిలబెట్టడం లాంటి హింసలు మద్రాసు రాజధానిలో జరుగుతున్నాయని 1855లో నివేదిక ఇచ్చిన విచారణ కమిషనే తేల్చింది. 1876-78 కరువు కడప, బళ్లారి, కర్నూలు జిల్లాలను ఊడ్చేసింది. కాగితం మీద పేరున్న రైతు, కంచంలో మెతుకున్న రైతు ఎప్పుడూ ఒక్కరే కాదు.

ఒక్క మేలు మాత్రం కాదనలేనిది. రైత్వారీ వల్ల సర్కారు లెక్కల్లో మామూలు సేద్యగాడి పేరు ఎక్కింది. బెంగాల్‌లో 1793 శాశ్వత ఏర్పాటు జమీందారు పేరు రాసుకుంది, కింద దున్నేవాడి పేరు వదిలేసింది. ఇక్కడ అలా కాలేదు. నీళ్లులేని సీమలో ఎకరాలు చిన్నవైనా ఎవరి పట్టా వారికి ఉండటానికి మూలం అదే.

సీమ జనం మన్రోను గుర్తుపెట్టుకున్నారు. మన్రోలప్ప అని పిల్లలకు పేర్లు పెట్టుకున్నారు. చక్రాయపేట మండలంలోని గండికీ ఆయనకూ ఒక కథ ముడిపడి ఉంది. పాపఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చే చోట, రాముడు లంక నుంచి తిరిగొచ్చేటప్పుడు స్వాగతానికి వాయుదేవుడు బంగారు తోరణం కట్టాడని అంటారు. అది అందరికీ కనపడదు, చావు దగ్గరపడిన పుణ్యాత్ములకే కనపడుతుందని నమ్మకం. మన్రో ఆ దారిన పోతూ తలెత్తి ‘ఆ తోరణం ఎవరు కట్టారు’ అని అడిగాడట. వెంట ఉన్నవాళ్లకు ఏమీ కనపడలేదట. కడప జిల్లా గెజిటీర్‌లో కూడా ఈ కథ నమోదైంది. మంత్రాలయంలోనూ ఆయన గురించి ఇంకో కథ చెబుతారు. చరిత్రలో ఖాయంగా ఉన్నది ఏమిటంటే, గవర్నర్ పదవి ముగిసే వేళ దత్త మండలాలను మళ్లీ ఒకసారి చూసిపోదామని వచ్చి, 1827 జూలై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో చనిపోయాడు. జనం శిస్తు గుమాస్తాలకు కథలు కట్టరు. ఒక తెల్ల దొరకు తోరణం చూపించారంటే ఆయన మీద ఏదో మంచి అభిప్రాయం ఉండి ఉండాలి.

నిఘంటువులోకి ఎక్కిన దారి

మన్రో రిపోర్టులు లండన్ చేరాయి. 1812లో పార్లమెంటు దిగువ సభ కమిటీ ఇచ్చిన ‘ఐదో నివేదిక’లో రైత్వారీ మీద పెద్ద చర్చ ఉంది. ఆ నివేదిక నిండా హిందుస్తాన్ మాటలే. చదివే దొరలకు అర్థం కాక, చార్లెస్ విల్కిన్స్ అనే పండితుడితో 1813లో దానికి ప్రత్యేకంగా అర్థాల పట్టిక రాయించారు. తర్వాత 1855లో హెచ్.హెచ్. విల్సన్ రెవెన్యూ, కోర్టు మాటలకు పెద్ద కోశం వేశాడు. 1886లో యూల్, బర్నెల్ కలిసి ‘హాబ్సన్ జాబ్సన్’ తెచ్చారు. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసు మనిషే. రయట్, రైత్వారీ రెండూ అందులో ఉన్నాయి. ‘పెట్టా’ కూడా ఉంది. కోట బయట వెలిసిన బజారు, ఊరు అని అర్థం. అది మన ‘పేట’నే. చక్రాయపేట, సూళ్లూరుపేట, రాజంపేట చివర ఉన్న పేట అలా తోక రూపంలో కాకుండా విడి మాటగా ఇంగ్లిష్‌కు పోయింది.

ఈ మాటల చిట్టాలో కడప పేరు చెప్పకుండా పోతే అన్యాయమే అవుతుంది. సి.పి. బ్రౌన్ 1820లో కలెక్టర్ కింద ఉద్యోగిగా కడపకు వచ్చాడు. ఇక్కడే బంగళా కొని పండితులను పెట్టుకుని తెలుగు పుస్తకాలు బాగు చేయించాడు. ఆయన తెలుగు నిఘంటువు అందరికీ తెలుసు. కానీ 1852లో ‘జిల్లా నిఘంటువు’, 1854లో మిశ్ర భాషా నిఘంటువు కూడా వేశాడు. కచేరీల్లో, కోర్టుల్లో, బజారులో వాడే అరబ్బీ, ఫార్సీ, హిందుస్తానీ మాటలను ఏరి పెట్టినవి అవి. చాలామంది తెలుగు పండితులు అవి తురక మాటలని పక్కన పెట్టిన రోజుల్లో, ఇవి లేకుండా రైతు బతుకు అర్థం కాదని బ్రౌన్‌కు తెలుసు. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది.

బ్రౌన్ ఏరిన తరహా మాటలు ఇప్పటికీ చెల్లుబాటులో ఉన్నాయి. జమ, ఖర్చు, బాకీ, వసూలు, హక్కు, రద్దు. కామర్స్ చదివే పిల్లలు ‘జమాఖర్చులు’ అంటే అచ్చ తెలుగు అనుకుంటారు. ఫసలీ అంటే పంట కాలం లెక్క. ఫసల్ అంటే పంట. రెవెన్యూ ఫసలీ జూలై 1న మొదలవుతుంది. ఇంగ్లిష్ సంవత్సరంలో 590 తీసేస్తే ఆ జూలైలో మొదలయ్యే ఫసలీ వస్తుంది. 2024 జూలైలో మొదలైంది ఫసలీ 1434. పాత రసీదు మీద ఫసలీ 1370 అని ఉంటే 590 కలపండి, 1960 జూలై నుంచి 1961 జూన్ దాకా అని తేలుతుంది. పాత కాగితాల కట్ట విప్పే ప్రతి ఇంటికీ ఈ చిన్న లెక్క పనికొస్తుంది.

పట్టాదారు, సాగుదారు

వారీకి పక్కింటి తోక ‘దార్’. ఫార్సీలో దాశ్తన్ అంటే పట్టుకోవడం, కలిగి ఉండటం. దార్ అంటే పట్టుకున్నవాడు. జమీన్ చేతిలో ఉన్నవాడు జమీందార్, ఇనాం ఉన్నవాడు ఇనాందార్, తహసీల్ పని చూసేవాడు తహసీల్దార్. ఇంగ్లిష్ ‘హోల్డర్’తో అచ్చంగా సరిపోతుంది. షేర్‌హోల్డర్‌ను వాటాదారు అనడం అందుకే అంత సులువుగా కుదిరింది. తెలుగు ఈ తోకను ఏ మాటకైనా తగిలిస్తుంది. వినియోగదారు, లబ్ధిదారు, వ్యవసాయదారు మాటల్లో ముందు భాగం సంస్కృతం. పిటిషన్‌దారులో ముందు భాగం ఇంగ్లిష్. ‘పట్టాదారు పాసుపుస్తకం’ అనే నాలుగు ముక్కల్లో పట్టా దేశీ, దారు ఫార్సీ, పాసు ఇంగ్లిష్, పుస్తకం సంస్కృతం. ఇది 1971 చట్టంతో వచ్చిన పుస్తకం. దాని ఇంగ్లిష్ పేరులో కూడా ‘పట్టాదార్’ అలాగే ఉంది.

రైత్వారీ అయితే ఇంకా గట్టిగా చట్టాల్లో కూర్చుంది. జమీందారీలు తీసేసిన 1948 మద్రాసు ఎస్టేట్ల చట్టం పేరులోనే ‘రద్దు, రైత్వారీలోకి మార్పు’ అని ఉంది. ఆంధ్ర ప్రాంతానికి 1956లో వచ్చిన ఇనాముల చట్టం పేరులో కూడా అంతే. గుడి, మసీదు, దర్గా, ఖాజీ, మంగలి, వెట్టి ఇలా రకరకాల సేవలకు ఇచ్చిన ఇనాం భూములను విచారణ చేసి రైత్వారీ పట్టాలోకి మార్చారు. ఊళ్లలో ఇప్పటికీ తెగని తగాదాలు ఎన్నో ఇక్కడే పుట్టాయి. ఇనాం సంస్థకు ఇచ్చిందా, సేవ చేసే మనిషికి ఇచ్చిందా, రైత్వారీ పట్టా ఎవరి పేరున తయారైంది అన్నదే అసలు ప్రశ్న. ఇనాం అంటే అరబ్బీలో మెహర్బానీగా ఇచ్చింది, నిఅమత్ అనే మాటకు చుట్టం. రైత్వారీ అంటే శిస్తు లెక్కలో పేరు పేరునా ఉన్నది. ఒక మాట నుంచి ఇంకో మాటకు మారినప్పుడు భూమి హోదా మారుతుంది. అందుకే ఇలాంటి భూములున్న కుటుంబాలు, మసీదు కమిటీలు పాసుపుస్తకం ఒక్కటే చూసుకుంటే చాలదు. రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ నకలు, ఊరి పాత డైగ్లాట్ నకలు కూడా తీయించుకోవాలి. డైగ్లాట్ అంటే గ్రీకులో రెండు నాలుకలు. ఇంగ్లిష్, తెలుగు పక్కపక్కన రాసిన రిజిస్టర్ కాబట్టి ఆ పేరు.

మరి దున్నేవాడి సంగతి? రైత్వారీ మొదట్లో దున్నేవాడి పేరునే రాసుకుంది. రెండొందల ఏళ్లలో పట్టా ఉన్నవాడు ఒకడు, దున్నేవాడు ఇంకొకడు అయ్యారు. కడప జిల్లాలో పట్టాదారు బెంగళూరులోనో కువైట్‌లోనో ఉంటాడు, పొలం కౌలుకు పోతుంది. కౌలు కూడా అరబ్బీ మాటే. ఖౌల్ అంటే పలికిన మాట, ఇచ్చిన మాట. ఖవ్వాలీ పుట్టింది ఆ ఖౌల్ నుంచే. మన ఊళ్లలో కౌలు ఇప్పటికీ చాలావరకు నోటిమాటే. కాగితం రాసిస్తే హక్కు అడుగుతాడేమో అని పట్టాదారుకు భయం. అడిగితే మళ్లీ ఏడు పొలం ఇవ్వడేమో అని కౌలుదారుకు భయం. బ్యాంకు అప్పు, పంట బీమా, నష్టపరిహారం అన్నీ పేరున్న కాగితం వెంట పోతాయి. చీనీ తోట ఎండినా, శనక్కాయ పోయినా అప్పు మిగిలేది మాత్రం దున్నినవాడికి.

చట్టాలు ఈ చిక్కును ఎలా దాటాయో వాటి మాటల్లోనే తెలుస్తుంది. కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వడానికి 2011లో ఒక చట్టం వచ్చింది. 2019లో దాని బదులు పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. రెండింటి పేర్లలో కౌలు లేదు, రైతు లేదు. ఇంగ్లిష్‌లో ‘కల్టివేటర్’, తెలుగులో ‘సాగుదారు’. ఫార్సీ దార్‌తో కొత్తగా కట్టిన మాట అది. రైతు అంటే పట్టా ఉన్నవాడనే అర్థం రికార్డుల్లో అంతగా గట్టిపడిపోయింది కాబట్టి, దున్నేవాడికి వేరే పేరు వెతకాల్సి వచ్చింది. తెలంగాణలో 2018లో మొదలైన రైతు బంధు పట్టాదారుకే ఇచ్చింది, కౌలుదారుకు ఇవ్వలేదు. ఆంధ్రలో 2019లో వచ్చిన రైతు భరోసాలో భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదార్లకు చోటిచ్చారు. అందుకు సాగుదారు కార్డు అడిగారు.

ఆ కార్డు 11 నెలలకే చెల్లుతుంది. దాని మీద భూ యజమాని ఒప్పుకోలు ఉండాలి, సంతకం పెట్టాలి. కార్డు ఇచ్చినంత మాత్రాన భూమి మీద యజమాని హక్కుకు ఏ ఇబ్బందీ రాదని చట్టమే చెబుతోంది. ఆ ముక్క తెలియకనే చాలామంది పట్టాదార్లు సంతకానికి వెనకాడుతున్నారు. గ్రామ సచివాలయంలో కార్డు కోసం అడిగేవాళ్లు పంట కాలం మొదట్లోనే యజమానితో మాట్లాడుకుని వెళ్లడం మంచిది. సర్వే నంబరు, విస్తీర్ణం 1బితో సరిపోయేలా చూసుకోవాలి. గడువు దాటితే మళ్లీ కొత్తగా సంతకం పెట్టించుకోవాల్సిందే.